చర్చ: శ్రోతల డబ్బుతో నడిచే రేడియోకు యజమాని ఎవరు? డబ్ల్యూబీఏఐ గొడవలో తప్పెవరిది?

పాతబాణి:
న్యూయార్క్‌లో 99.5 ఎఫ్ఎమ్ మీద వచ్చే డబ్ల్యూబీఏఐ గురించి ఇక్కడ అప్పుడప్పుడూ మాట్లాడుకుంటూనే ఉన్నాం. ఈసారి సూటిగా ఒక ప్రశ్న పెడుతున్నాను. తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఆ స్టేషన్‌లో వ్యాపార ప్రకటనలు ఉండవు, శ్రోతలు పంపే డబ్బే ఆధారం. 1960లో లూయీ ష్వైట్జర్ అనే సంపన్నుడు తన స్టేషన్‌ను పసిఫికా ఫౌండేషన్‌కు ఊరికే ఇచ్చేశాడు. బర్క్‌లీ, లాస్ ఏంజిలిస్, హ్యూస్టన్, వాషింగ్టన్‌లతో కలిపి ఆ సంస్థకు ఐదు స్టేషన్లు.

2019 అక్టోబర్ 7న పసిఫికా తాత్కాలిక ఎగ్జిక్యూటివ్ డైరెక్టర్ ఉన్నట్టుండి డబ్ల్యూబీఏఐ స్థానిక కార్యక్రమాలన్నీ ఆపించేశాడు. ఉద్యోగుల్ని తీసేశారు. వేరే స్టేషన్ల కార్యక్రమాలు తెచ్చి 'పసిఫికా అక్రాస్ అమెరికా' పేరుతో వేయడం మొదలుపెట్టారు. కారణం అప్పులన్నారు. స్టేషన్ వాళ్లు కోర్టుకెళ్లారు, నవంబర్‌లో కోర్టు ఉత్తర్వుతో పాత కార్యక్రమాలు తిరిగొచ్చాయి.

నేనడిగేది ఇదీ: మునుగుతున్న స్టేషన్‌ను పైవాళ్లు వచ్చి ఆపేయడం దౌర్జన్యమా, లేక ఎప్పుడో చేయాల్సిన పనా? నా మటుకు నాకు, ఆపిన తీరు తప్పు, ఆపాలనుకోవడం తప్పు కాదు.

లెక్కల_మాస్టారు:
ఎప్పుడో చేయాల్సిన పనే. ఆవేశాలు పక్కన పెట్టి అప్పు ఎలా పుట్టిందో చూడండి. డబ్ల్యూబీఏఐ ట్రాన్స్‌మిటర్ ఎంపైర్ స్టేట్ బిల్డింగ్ మీద ఉండేది. అద్దె ఏటేటా పెరిగేది, ఆదాయం ఏటేటా తగ్గేది. 2013 ఆగస్టులో 29 మంది ఉద్యోగుల్లో 19 మందిని తీసేశారు, వార్తా విభాగం మొత్తం పోయింది. అయినా అద్దె బకాయి తీరలేదు. 2017లో భవనం యజమానులు కోర్టులో గెలిచారు, కట్టాల్సింది దాదాపు 18 లక్షల డాలర్లు.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. ఐదు స్టేషన్లకూ లైసెన్సు పసిఫికా పేరు మీదే. బాకీ పడ్డది న్యూయార్క్ స్టేషనే అయినా, అప్పులవాడు కాలిఫోర్నియాలోని ఆస్తుల మీదికి కూడా రావచ్చు. అప్పుడు పసిఫికావాళ్ల టెన్షన్ అదే. చివరికి 2018లో కొత్త అప్పు చేసి పాత బాకీ వదిలించుకుని, ట్రాన్స్‌మిటర్‌ను టైమ్స్ స్క్వేర్ దగ్గరి భవనానికి మార్చారు. అంటే లాస్ ఏంజిలిస్ శ్రోత పాతిక డాలర్లు పంపితే, ఆ డబ్బు తను ఎన్నడూ వినని స్టేషన్ బాకీకి పూచీ అయింది. ఆ శ్రోతకు న్యాయం అక్కర్లేదా?

అర్ధరాత్రి_శ్రోత:
మాస్టారూ, లెక్కలు బాగానే చెప్పారు. కానీ ఆ స్టేషన్ ఏమిటో కూడా చెప్పాలి కదా. 1963 నుంచి బాబ్ ఫాస్ అర్ధరాత్రి కార్యక్రమం చేసేవాడు. ముందే రాసుకున్న స్క్రిప్టు లేదు, ఎవరు ఫోన్ చేస్తే వాళ్లను గాలిలోకి వదిలేవాడు. 1967లో కెన్నడీ విమానాశ్రయంలో ఊరికే కలుద్దాం రమ్మని రేడియోలో అంటే వేలమంది వచ్చేశారు. 1971లో ఒకాయన మాత్రలు మింగేసి ఆ కార్యక్రమానికి ఫోన్ చేశాడు. ఆ కాలంలో ఫోన్ ఎక్కడిదో కనుక్కోవడమంటే ఎక్స్ఛేంజీలో వైర్లు వెతుక్కుంటూ పోవడమే. అంతసేపూ ఫాస్ ఆయన్ని మాటల్లో పెట్టి ఉంచాడు. మనిషి దొరికాడు, బతికాడు. ఇదంతా లైవ్‌లో. రికార్డు చేసిన కార్యక్రమం ఇంకో రాష్ట్రం నుంచి తెచ్చి వేస్తే ఇది జరిగేదా?

ఇంకో మాట. 2019లో చేసింది కొత్తేమీ కాదు. 1999 జులైలో బర్క్‌లీలోని పసిఫికా స్టేషన్ కేపీఎఫ్ఏలో ప్రసారం నడుస్తుండగా ప్రయోక్తను బయటికి లాగారు, సిబ్బందిని గెంటేసి తలుపులు మూశారు. వేలమంది వీధిలోకొచ్చారు. 2000 డిసెంబర్‌లో ఇదే డబ్ల్యూబీఏఐ మేనేజర్‌ను తీసేసి రాత్రికి రాత్రి తాళాలు మార్చారు. శ్రోతలు దానికి 'క్రిస్మస్ కుట్ర' అని పేరు పెట్టుకున్నారు. మూడుసార్లు అదే మందు, మూడుసార్లూ వికటించింది. ఇంకా అదే మందు రాసే డాక్టర్‌ను ఏమనాలి?

వాదప్రియ:
> మూడుసార్లు అదే మందు

నాలుగోది మీరు మర్చిపోయారు, అది మీ వాదానికి అడ్డొస్తుంది. 1977లో డబ్ల్యూబీఏఐని చేతిలోకి తీసుకున్నది పైవాళ్లు కాదు. యాజమాన్యం కార్యక్రమాల పట్టిక మార్చబోతే సిబ్బందే స్టేషన్‌ను ఆక్రమించారు. కొన్ని వారాలు ప్రసారమే లేదు. అప్పటికి శ్రోతలు ఎన్నుకునే బోర్డులూ లేవు, వాటిని తెచ్చిన పసిఫికా 2003 నియమావళీ లేదు. అప్పుడూ గొడవ దేనిమీదా? ఎవరి టైమ్ ఎవరికి అన్నదాని మీద.

అసలు రోగం అదే. ఇలాంటి స్టేషన్లలో టైమ్ స్లాట్ అంటే పాసుపుస్తకం చేతికొచ్చిన పొలం. ఒకసారి వచ్చిందంటే మళ్లీ ఎవరూ అడగకూడదు. మంగళవారం సాయంత్రం గంట ఒకాయనది, ఆయన పోతే ఆయన శిష్యుడిది. ఎవరు వింటున్నారు, కొత్తవాళ్లకు చోటుందా అని అడిగిన మేనేజర్ ఏడాది తిరక్కుండా ఇంటికి పోతాడు.

2003 నియమావళి దీనికి ముద్ర వేసింది. ఒక్కో స్టేషన్‌కు 24 మంది బోర్డు, 18 మంది శ్రోతల ప్రతినిధులు, ఆరుగురు సిబ్బంది ప్రతినిధులు. ఏడాదికి 25 డాలర్లిచ్చినా, మూడు గంటలు స్వచ్ఛంద సేవ చేసినా ఓటు వస్తుంది. జీతం లేకుండా కార్యక్రమాలు చేసేవాళ్లు కూడా సిబ్బంది లెక్కలోకి వస్తారు. ఇప్పుడు చెప్పండి, ఒక పాత కార్యక్రమం తీసేయాలంటే దాని ప్రయోక్త ఓటరు, అతని అభిమానులు ఓటర్లు, బోర్డులో అతని స్నేహితులు. మేనేజర్ ఎవరికి జవాబు చెప్పాలి?

కొత్తగా_చేరాను:
చిన్న సందేహం. శ్రోతలే ఓటు వేస్తున్నారు కదా, మరి శ్రోతలకు నచ్చనిది ఎలా నిలబడుతుంది?

వాదప్రియ:
ఓటు వేసేది ఇంకా మిగిలిన శ్రోత. విసుగెత్తి వెళ్లిపోయినవాడికి ఓటు లేదు, ఎప్పుడూ రానివాడికి అసలే లేదు. ఎన్నిక చెల్లాలంటే శ్రోత సభ్యుల్లో పదో వంతు ఓటేస్తే చాలు. అదీ ఆపసోపాలు పడి, గడువు పొడిగించుకుంటూ. ఆ ఎన్నికల ఖర్చు మళ్లీ శ్రోతల డబ్బే.

నీలిగోరింట:
మీరంతా బోర్డుల దగ్గరే ఆగిపోయారు. నేను వినేదాని గురించి చెప్తాను. శ్రోతల చందాతో నడిచే ఒక స్టేషన్‌ను చాలాకాలం విన్నాను, పేరు వద్దు. ఫండ్ డ్రైవ్ (రేడియోలోనే శ్రోతల్ని చందాలు అడిగే రోజులు) మొదలైందంటే ఎలా ఉండేదో చెప్తాను. మంచి ఇంటర్వ్యూ నడుస్తుంటుంది. జైలు నుంచి విడుదలైన ఒకావిడ మొదటి రాత్రి ఎక్కడ పడుకుందో చెప్పబోతుంటుంది. సరిగ్గా అక్కడ ఆపేస్తారు. "ఇలాంటి మాటలు ఇంకెక్కడ వింటారు, వెంటనే ఫోన్ చేయండి" అని మొదలవుతుంది. నంబర్ ఒకసారి, అంకెలు విడగొట్టి ఇంకోసారి, వెనక ఫోన్ మోగుతున్న చప్పుడు, "ఇంకా ముగ్గురు కావాలి, ముగ్గురే". మళ్లీ ఆవిడ గొంతు రెండు నిమిషాలు. మళ్లీ నంబర్. ఆవిడ ఎక్కడ పడుకుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అది సరే, భరించొచ్చు. ఆ తర్వాత ఇంటర్వ్యూలు కూడా పోయాయి. డబ్బు దేనికి ఎక్కువ వస్తుందో చూసి దాన్నే వేయడం మొదలుపెట్టారు. సర్వరోగ నివారిణి డీవీడీలు, శరీరంలో విషం కడిగేసే పొడులు, డాక్టర్లు మీకు చెప్పని రహస్యాలు. డబ్ల్యూబీఏఐ మీద కూడా పత్రికల్లో ఇదే విమర్శ వచ్చింది. ప్రకటనలు లేని రేడియో అంటారు, గంటసేపు మందుల ప్రకటన వినిపిస్తారు. కంపెనీకి అమ్ముడుపోలేదని గర్వపడుతూ బెదిరిపోయిన రోగులకు సరుకు అమ్మడం ఏ విలువ?

అర్ధరాత్రి_శ్రోత:
నీలిగోరింట గారు, ఆ పొడుల విషయంలో మీతో వాదించను. వాటిని వెనకేసుకొచ్చేవాళ్లు ఈ చర్చలో ఎవరూ ఉండరనుకుంటా. కానీ అవి ఎందుకొచ్చాయో చూడండి. అద్దె కట్టాలి, ఆడిట్ సమయానికి ఇవ్వలేక ప్రజా ప్రసార స్టేషన్లకు ప్రభుత్వ నిధులు పంచే సీపీబీ గ్రాంటు ఆగిపోయింది. కాబట్టి...

లెక్కల_మాస్టారు:
ఆడిట్ ఎందుకు ఇవ్వలేదండీ? అది కూడా ఇంటి యజమాని కుట్రేనా?

అర్ధరాత్రి_శ్రోత:
కాదు. కేంద్ర కార్యాలయం చేతగానితనం. ఆడిట్ చేయించాల్సింది బర్క్‌లీలో కూర్చున్న పసిఫికా. తమ లెక్కల పుస్తకాలు తాము రాసుకోలేనివాళ్లు న్యూయార్క్ స్టేషన్‌ను బాగుచేస్తామని తాళాలు పట్టుకుని వచ్చారు! అదీ ఎప్పుడు, ఫండ్ డ్రైవ్ నడుస్తున్న రోజుల్లో. డబ్బు లేదని మూసేవాడు డబ్బు వచ్చే వారంలో మూస్తాడా?

లెక్కల_మాస్టారు:
ఈ మాటకు మాత్రం నా దగ్గర జవాబు లేదు. ఆ ముహూర్తం ఎవరు పెట్టారో గానీ.

గంటస్వరం:
నేను ఒక చిన్న స్టేషన్‌లో (వేరే దేశం, వేరే సంస్థ) జీతం లేకుండా వారానికో కార్యక్రమం చేస్తాను. వాదప్రియ గారు చెప్పిన 'పొలం' వాళ్లలో నేనూ ఒకణ్ని అనుకోండి. రెండో వైపు కూడా వినండి. గంట కార్యక్రమానికి వెనక ఎంత పని ఉంటుందో బయటివాళ్లకు తెలియదు. అతిథిని పట్టుకోవడం, ఒప్పించడం, గొంతు సరిగా రాకపోతే ఎడిట్ చేసుకోవడం. జీతం లేదు. మాకు దొరికేదల్లా ఆ గంట మాదన్న నమ్మకం ఒక్కటే. ఆ నమ్మకం కూడా తీసేస్తే రేపు ఎవరొస్తారు?

అలాగని ఎవరినీ కదపకూడదని అనను. మా దగ్గర ఒక పద్ధతి పెట్టారు. ఏ కార్యక్రమమైనా రెండేళ్లకోసారి మళ్లీ అర్జీ పెట్టుకోవాలి. రెండు భాగాల రికార్డింగు ఇవ్వాలి. విని నిర్ణయించేవాళ్లలో సొంత కార్యక్రమం ఉన్నవాళ్లు ఉండకూడదు. మొదటిసారి పెద్ద రభస అయింది, ఇద్దరు అలిగి వెళ్లిపోయారు. నాకు కూడా టైమ్ మార్చారు, తెల్లవారుజామున పెట్టారు. తిట్టుకుంటూనే చేస్తున్నాను. కానీ ఎవరూ తాళాలు మార్చలేదు, ఎవరూ కోర్టుకెళ్లలేదు. డబ్ల్యూబీఏఐలో అరవై ఏళ్లలో ఇలాంటిది నిలదొక్కుకోకపోవడమే నాకు అన్నిటికంటే పెద్ద లోపంగా కనిపిస్తుంది. ఎన్నికలు ఉండటం తప్పు కాదు, ఎన్నికైనవాళ్లు కార్యక్రమాల పట్టిక మీద చేయి వేయగలగడం తప్పు.

వాదప్రియ:
గంటస్వరం గారూ, మీ పద్ధతి నాకు నచ్చింది. కానీ దాన్ని పెట్టాలన్నా మొదట నియమావళి మార్చాలి. పసిఫికాలో అదీ ప్రయత్నించారు. 2020లో కొత్త నియమావళి పెడితే సభ్యులు ఓడించారు. 2021లో మళ్లీ పెడితే శ్రోతలు కొద్ది తేడాతో ఒప్పుకున్నారు, సిబ్బంది ఒప్పుకోలేదు. అది కూడా కోర్టుకెక్కింది. పొలం ఉన్నవాడు భూసంస్కరణకు ఓటేస్తాడా?

పాతబాణి:
ఇంకో కోణం. పసిఫికాను మొదలుపెట్టిన లూయిస్ హిల్ 1951లోనే రాశాడు, ప్రసారం అందే ప్రాంతంలో ఎఫ్ఎమ్ వినగలిగినవాళ్లలో 2 శాతం మంది ఏటా చందా కడితే చాలు, స్టేషన్ బతుకుతుందని. న్యూయార్క్ లాంటి మహానగరంలో 2 శాతం అంటే మామూలు సంఖ్యా? ఎంపైర్ స్టేట్ అద్దె ఒక మూలకు రాదు. అంటే డబ్బు సమస్య నిజానికి కార్యక్రమాల సమస్యే. 'డెమోక్రసీ నౌ' అనే వార్తా కార్యక్రమం 1996లో ఈ గూట్లోనే పుట్టింది. ఇక్కడి గొడవలు పడలేక 2002లో సొంత సంస్థ పెట్టుకుంది, ఇవాళ వందల స్టేషన్లలో వస్తోంది. జనం వినరు అనేవాళ్లు దీనికేమంటారు?

నీలిగోరింట:
సీపీబీ గ్రాంటు పోవడం డబ్ల్యూబీఏఐకి ఒక రకంగా మేలే అయి ఉండాల్సింది. 2025లో అమెరికా కాంగ్రెస్ సీపీబీకి ఇస్తామన్న 110 కోట్ల డాలర్లు వెనక్కి లాక్కుంది, చిన్న స్టేషన్లు గగ్గోలు పెట్టాయి. వీళ్లకు ఆ డబ్బు లేకుండా బతకడం పదేళ్ల ముందే అలవాటు. ఆ అలవాటుతో పొడులు అమ్మడం నేర్చుకున్నారు.

లెక్కల_మాస్టారు:
సరే, అందరూ ఇంత మాట్లాడాక నా ప్రతిపాదన. అమెరికాలో వ్యాపారేతర స్టేషన్లకు 88 నుంచి 92 మెగాహెర్ట్జ్ దాకా కేటాయించారు. 99.5 ఆ హద్దు బయట ఉంది, మంచి వ్యాపార స్టేషన్ల మధ్య. అంటే దాన్ని వ్యాపార సంస్థకు అమ్మొచ్చు. అమ్మి, తక్కువ ధరలో వేరే ఫ్రీక్వెన్సీ కొనుక్కుని, మిగిలిన డబ్బుతో అప్పులు తీర్చి, వార్తా విభాగం మళ్లీ పెట్టుకోవాలి. ఈ మాట పసిఫికాలో చాలా ఏళ్లుగా నలుగుతూనే ఉంది.

అర్ధరాత్రి_శ్రోత:
తీర్చిన అప్పు మళ్లీ చేయరని హామీ ఏది మాస్టారూ? అమ్మిన డబ్బు న్యూయార్క్‌కు రాదు, పసిఫికా ఖాతాకు వెళ్తుంది. ఖర్చుపెట్టేది అదే జాతీయ బోర్డు. ఐదు స్టేషన్ల ప్రతినిధులు దానిమీద కూర్చుని ఎలా పంచుకుంటారో మీకు నేను చెప్పాలా? ఇప్పుడు బోర్డు చెడ్డదైనా 99.5 ఉంది. రేపు బోర్డు మంచిదైనా 99.5 ఉండదు.

లెక్కల_మాస్టారు:
అయితే ముందు నియమావళి, తర్వాత అమ్మకం అంటారు. ఒప్పుకుంటాను. కానీ నియమావళి మారదని వాదప్రియ గారు ఇప్పుడే చెప్పారు కదా.

గంటస్వరం:
మారకపోయినా ఫండ్ డ్రైవ్‌లో పొడులు అమ్మడం ఆపొచ్చు. దానికి ఓటింగ్ అక్కర్లేదు, మేనేజర్ సంతకం చాలు.

నీలిగోరింట:
ఆ సంతకం పెట్టిన మేనేజర్ ఆ నెల జీతాలు ఎక్కడి నుంచి ఇస్తాడో కూడా చెప్పండి.