ఆపాతమధురమా, ఆ పాత మధురమా?

సత్యనారాయణపురం (విజయవాడ):
ఉగాదికి మా అపార్ట్‌మెంట్ వాళ్లం పాటల సాయంత్రం పెట్టుకుంటున్నాం. ఎవరికి నచ్చిన పాట వాళ్లు స్పీకర్లో వినిపించి, ఎందుకు నచ్చిందో నాలుగు ముక్కలు చెప్పాలి. ఏ భాషైనా సరే. ఫ్లెక్సీ మీద ‘ఆపాత మధురాలు’ అని వేయిద్దామనుకున్నాం. పేచీ అక్కడే వచ్చింది. మూడో అంతస్తు కుర్రాడు ఆఫ్రికా పాట ఇచ్చాడు. మా సెక్రటరీ గారు ఒప్పుకోలేదు. “పాత మధురాలంటే ఘంటసాల, లీల, సుశీల. ఇదెవరికి కావాలి?” అన్నారు. ఆపాతం వేరు, పాత వేరు అని నేనన్నాను. ఇద్దరం పట్టు విడవలేదు. పెద్దలు కాస్త తేల్చండి. పదం అర్థం చెప్పి ఊరికే వెళ్లిపోకండి, భాష రాకపోయినా వినగానే మీ చెవికి పట్టిన పాట కూడా ఒకటి చెప్పండి.

బ్రాడీపేట (గుంటూరు), సంస్కృతం మాస్టారు:
మీరన్నదే సరి. ‘పత్’ ధాతువుకు పడటం అని అర్థం. ‘ఆ’ అనే ఉపసర్గ చేరి ఆపాతం అయింది. అంటే వచ్చి పడటం, మీద పడిన ఆ తొలి క్షణం. చెవిన పడీ పడగానే తీయగా ఉండేది ఆపాతమధురం. నిన్న రికార్డయిన పాటకైనా ఈ మాట వాడవచ్చు. దీనికి మూలమైన శ్లోకం చాలామందికి తెలిసిందే:

సంగీతమపి సాహిత్యం సరస్వత్యాః స్తనద్వయమ్
ఏకమాపాతమధురమన్యదాలోచనామృతమ్

అమ్మ దగ్గర రెండూ ఉన్నాయి. సంగీతం తాకగానే తీపి, సాహిత్యం ఆలోచించిన కొద్దీ అమృతం.

అయితే ఇది పూర్తి పొగడ్త అనుకోకండి. సంస్కృతంలో ‘ఆపాత’ చేరినచోట ‘మొదట్లో మాత్రమే’ అనే చురక కూడా తగులుతూ ఉంటుంది. భారవి రాసిన కిరాతార్జునీయం పదకొండో సర్గలో ఇంద్రుడు ముసలి తాపసి వేషంలో వచ్చి అర్జునుడితో ‘ఆపాతరమ్యా విషయాః పర్యంతపరితాపినః’ అంటాడు. విషయసుఖాలు తగలగానే బాగుంటాయి, చివరికి కాలుస్తాయి అని. మీ ఫ్లెక్సీ చూసి భారవిని చదివినవాడెవడైనా ముసిముసిగా నవ్వుకుంటే ఆశ్చర్యం లేదు.

నా పాట: ముత్తుస్వామి దీక్షితుల నోట్టుస్వరాల్లో, అంటే పాశ్చాత్య వరసలకు కట్టిన కృతుల్లో, ‘సంతతం పాహిమాం సంగీతశ్యామలే’. మొదటిసారి విన్నా ఇదెక్కడో విన్నామే అనిపిస్తుంది. బ్రిటిష్ వాళ్ల జాతీయగీతం వరస అది. దొరల బ్యాండు వరసలో అమ్మవారి స్తుతి! దీక్షితులు 1835లోనే పోయారు కాబట్టి, పాతదనం కావాలన్నా మీ సెక్రటరీ గారికి లోటుండదు.

గవర్నర్‌పేట:
మాస్టారూ, వ్యుత్పత్తి కాదనను. కానీ ఆర్కెస్ట్రా వాళ్ల దగ్గర్నుంచి క్యాసెట్ల వాళ్ల దాకా అందరూ పాత పాటలన్న అర్థంలోనే వాడేశారు. జనం అర్థం చేసుకున్నదే అర్థమవ్వాలి కదండీ?

బ్రాడీపేట మాస్టారు:
‘ఆ పాత మధురాలు’ అని విడగొట్టి రాస్తే నిక్షేపంలాంటి తెలుగు, శ్లేషగానూ బాగుంటుంది. కలిపి రాసి, పాత అని అర్థం చెప్పి, దాన్ని చూపించి కుర్రాడి పాట తోసెయ్యడమే నాకు నచ్చలేదు.

మూడో అంతస్తు:
ఆ కుర్రాణ్ణి నేనేనండి. అసలు గొడవ నా పాట పేరుతోనే మొదలైంది. ఏ పాట అని అడిగితే ‘పాటా పాటా’ అన్నాను. వేళాకోళం చేస్తున్నాననుకున్నారు. పాట పేరే అది! మిరియం మకేబా పాడింది. దక్షిణాఫ్రికా ఆవిడ, భాష ఖోసా. వాళ్ల భాషలో ‘తాకు తాకు’ అని అర్థం. జోహానెస్‌బర్గ్ వైపు ఆ పేరుతో ఒక డాన్సు ఉండేదట, ఆ సంగతి ఆవిడే పాట మధ్యలో ఇంగ్లీషులో చెబుతుంది. 1967లో అమెరికాలో పెద్ద హిట్. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కాలు ఆగదు.

ఆవిడదే ఇంకొకటి, ‘కొంగొత్వానె’. పెళ్లిళ్లలో పాడుకునే ఖోసా పాట. అందులోని అక్షరాలు మన లిపికి లొంగవు, నేను రాసింది ఉత్త ఉజ్జాయింపు. ఎద్దుల్ని అదిలించేటప్పుడు నాలుకతో టక్కుమనిపిస్తారే, అలాంటి చప్పుడు వాళ్లకు హల్లు. తెల్లవాళ్లు ఆ పేరు పలకలేక ‘క్లిక్ సాంగ్’ అని పెట్టుకున్నారు. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి, చప్పుడు ఒకచోట, స్వరం ఒకచోట పుడుతున్నట్టు ఉంటుంది.

అరండల్‌పేట (గుంటూరు):
బాబూ, నీ పాట విన్నాను, బాగుంది. నేనొకటి చెబుతాను, రాసిపెట్టుకో. జపాన్ గాయకుడు క్యూ సకమోతో 1961లో పాడిన ‘ఉఎ ఓ ముయితే అరుకో’. వరస హుషారుగా, పొద్దున్నే షికారుకు బయల్దేరినట్టు ఉంటుంది. ‘అరుకో’ దగ్గర గొంతు విరిచి ‘ఓ ఓ ఓ’ అని సాగదీస్తాడు. తర్వాత ఈల. సంతోషంగా ఉన్న మనిషి అనుకునే చాలాకాలం విన్నాను. అర్థం చూస్తే ‘తల పైకెత్తి నడుస్తాను, కన్నీళ్లు కిందపడకుండా’ అని! రోకుసుకె ఎయి అనే కవి రాశాడు. అమెరికాతో రక్షణ ఒప్పందం వద్దని జరిగిన నిరసనకు వెళ్లి, అది ఫలించలేదన్న బాధతో ఇంటికి నడుస్తుంటే పుట్టిన పాటట. అప్పట్నుంచి ఆ ఈల నాకు వేరేగా వినిపిస్తోంది. ఏడుపొస్తే ఎవరికీ తెలియకూడదని ఈల వేసేవాణ్ణి మనమూ ఎరుగుదుం కదా.

1963లో అమెరికాలో ఇది నంబర్ వన్ అయింది. వాళ్లు దీనికి పెట్టిన పేరు ‘సుకియాకి’. అది ఒక మాంసం కూర పేరు! పాటకూ దానికీ ఏ సంబంధమూ లేదు, పలకడానికి వీలుగా ఉందని పెట్టేశారు. మన పాటొకదానికి అక్కడెవరో ‘గోంగూర మటన్’ అని పేరు పెడితే ఊరుకుంటామా?

సత్యనారాయణపురం:
అమ్మా, మాస్టారి శ్లోకం రెండు సగాలూ మీ పాటలోనే ఉన్నాయి. వరస ఆపాతమధురం, అర్థం తెలిశాక ఆలోచనామృతం. ఇది జాబితాలో పైన పెడుతున్నాను.

కొత్తపేట (గుంటూరు):
అందరూ అటే కొట్టుకుపోతున్నారు గానీ, నాకు మాట తెలియని పాట సగం పాటే. మా ఊరి ఏసీ కాలేజీలో పాఠాలు చెప్పిన కరుణశ్రీ గారి ‘పుష్పవిలాపం’ తీసుకోండి. ఘంటసాల పాడారు. తెలుగు రానివాడికి వినిపిస్తే ఏముంది, ఎవరో తీయని గొంతుతో రాగం తీస్తున్నారంటాడు. కొమ్మ వంచిన చేతిని పువ్వులు నిలదీస్తున్నాయని తెలిసినవాడికి మర్నాడు పూజకు పూలు కోయాలంటే చెయ్యి ఆడదు. నా పాట ఇదే. సెక్రటరీ గారూ సంతోషిస్తారు.

చెన్నైలో ఉంటున్న తెనాలివాణ్ణి:
కొత్తపేట అక్కయ్య గారూ, మీ లెక్కన మద్రాసు సభలన్నీ మూసెయ్యాలి! మార్గళిలో, అంటే మన ధనుర్మాసంలో, ఇక్కడ వినిపించే కృతుల్లో మన భాషవి బోలెడు. శ్రీరాగంలో ‘ఎందరో మహానుభావులు’ ఎత్తుకోగానే నా పక్క సీటు మామి కళ్లు మూసుకుని తొడ మీద తాళం వేస్తారు. తెలుగు ఒక్క ముక్క రాదు. ఆవిడకు త్యాగయ్య అచ్చంగా ఆపాతమధురం. మనమేం తక్కువ తినలేదు. ‘అందరికీ వందనములు’ దాకా గడగడా అంటాం, ఆ పైన త్యాగయ్య ఎవరెవరికి మొక్కుతున్నాడో అడిగితే నీళ్లు నములుతాం. ఖోసా అర్థం కాలేదని ఆ అబ్బాయి మీద పడేముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

కొత్తపేట:
నీళ్లు నమిలేది మీరేమో తమ్ముడూ, నాకు పంచరత్నాలు అయిదూ అర్థాలతో సహా వచ్చు.

చిలకలూరిపేట రోడ్డు:
మాటే లేని పాట ఒకటి నానుంచి. షేక్ చినమౌలానా నాదస్వరం. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడ్డారు. ముస్లిం ఇంట పుట్టిన మనిషి రంగనాథుడి ఊళ్లో త్యాగరాజ కీర్తనలు వాయిస్తుంటే ఏ మతం వాడికైనా ఒళ్లు జలదరిస్తుంది. నాదస్వరమంటే పెళ్లిలో తాళికట్టే వేళ మోగేదని మాత్రమే తెలిసిన పిల్లలకు ముందు ఇది వినిపించండి. ఏ రికార్డింగ్ అని ఏరక్కర్లేదు, దొరికింది వినండి.

పటమట:
బెంగాలీలో లాలన్ ఫకీర్ ‘ఖాచార్ భితొర్ ఒచిన్ పాఖి’. పంజరంలో ముక్కూమొహం తెలియని పక్షి ఎలా వస్తోంది, ఎలా పోతోంది అని అడుగుతాడు. పంజరం ఒళ్లు, పక్షి ప్రాణం. మన తత్వాల పక్కన పెట్టి వినండి, చుట్టాలని తెలిసిపోతుంది. కవ్వాలీ ఒకటైనా ఉండాలంటే నుస్రత్ ఫతే అలీ ఖాన్ ‘అల్లా హూ’. కాకపోతే అది ఆపాతమధురం కాదు, మొదటి అయిదు నిమిషాలు ఓపిక పట్టాలి.

బ్రాడీపేట మాస్టారు:
ఓపిక పడితే మధురమయ్యేదానికి వేరే మాట ఉంది: పర్యంతమధురం. భారవి మాటను తిరగేసి నేను కట్టింది, నిఘంటువులో వెతక్కండి.

మంగళగిరి:
ఆఫ్రికా తిరిగారు, జపాన్ తిరిగారు, మన గుంటూరు పక్క పొన్నెకల్లు మాత్రం ఎవరికీ గుర్తు రాలేదు. ఆ ఊరి షేక్ నాజర్ గారి బుర్రకథ లేకుండా గుంటూరు, బెజవాడ వాళ్ల జాబితా ఏమిటండీ? 1986లో పద్మశ్రీ ఇచ్చారు ఆయనకు. ఆ తంబురా, పక్కన గుమ్మెటలు, వంతల ‘తందాన తాన’ ఇవన్నీ భాషతో పని లేకుండా పట్టేస్తాయి. హాస్యం, రాజకీయం మాత్రం తెలుగు వచ్చినవాడికే.

సత్యనారాయణపురం:
తప్పకుండా పెడదామండీ. ఒక చిక్కుంది. మనిషికి అయిదు నిమిషాలే అనుకున్నాం. ఆయన ‘పల్నాటి యుద్ధం’ బుర్రకథలో అయిదు నిమిషాల ముక్క ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపాలో తెలిసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?