ఒంటి మోతా, ఒంటి హోరా?

చిత్తూరు, సైన్సు టీచరు:
అందరికీ నమస్కారం. సైన్సు ప్రదర్శనకు పిల్లల చేత ఒక బోర్డు రాయిస్తున్నాం. గుచ్చకుండా, కొయ్యకుండా ఒంటి లోపలి వేడి కొలిచే పద్ధతి. ఒంట్లోంచి సహజంగా వెలువడే, చెవికి అందని అతిధ్వనిని పట్టి వేడి ఎంతో లెక్కకడతారు. "ఉష్ణ ధ్వని వికిరణం" అని రాస్తే పిల్లలకు మింగుడుపడదు. "ఒంటి మోత" అనొచ్చా?

తిరుపతి, పరికరాల ఇంజనీరు:
"మోత" వద్దు మేడమ్. డప్పు మోత, గంట మోత అంటాం, వాటికి ఒక దరువో ఒక స్వరమో ఉంటుంది. ఇక్కడ అణువులు వేడికి అడ్డదిడ్డంగా అదురుతుంటాయి, అన్ని పౌనఃపున్యాలూ కలగలిసి వస్తాయి. దానికి మనకున్న మాట "హోరు". గాలి హోరు, వాన హోరు అన్నప్పుడు శ్రుతి ఏదని ఎవరూ అడగరు కదా. "వేడి హోరు" అని రాయించండి. అందులో పరికరం పట్టుకునేది 1 నుంచి 3 మెగాహెర్ట్జ్ ముక్క. మన చెవి 20 కిలోహెర్ట్జ్ దగ్గరే ఆగిపోతుంది.

హోరు బలం కెల్విన్ లెక్కలో వేడిని బట్టి ఉంటుంది. 37 డిగ్రీల సెల్సియస్ అంటే 310 కెల్విన్. జ్వరం ఒక డిగ్రీ పెరిగితే హోరు పెరిగేది 310లో ఒక వంతు, నూటికి 0.3. పట్టుకున్నదాన్ని పెద్దది చేసే ఆంప్లిఫయరుకు సొంత హోరు కూడా ఉంటుంది కాబట్టి క్షణంసేపు విని చెప్పడం కుదరదు. ఒంటిదీ ఆంప్లిఫయరుదీ కలిపి మొత్తం హోరు 1000 కెల్విన్‌కు సమానమనీ, వినే పౌనఃపున్యాల పట్టీ వెడల్పు 1 మెగాహెర్ట్జ్ అనీ అనుకోండి. 10 సెకన్లు సగటు తీస్తే, పట్టీ వెడల్పును (సెకనుకు పది లక్షలు) ఆ 10 సెకన్లతో గుణిస్తే కోటి; దాని వర్గమూలం దాదాపు 3,160. వెయ్యిని దాంతో భాగిస్తే కొలతలో 0.3 డిగ్రీ అటూఇటూ తేడా. ఆ తేడా సగం కావాలంటే నాలుగింతల సేపు వినాలి.

చంద్రగిరి, ఫిజిక్సు లెక్చరరు:
క్రియ కూడా చూసుకోండమ్మా. "స్కాన్ చేస్తుంది" అని రాయించొద్దు. స్కానింగ్ మిషను ధ్వనిని లోపలికి పంపి ప్రతిధ్వని పట్టుకుంటుంది. వాతావరణాన్ని గమనించే మన గాదంకి రాడార్ కూడా 53 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాలను పైకి పంపి తిరిగొచ్చిందాన్నే పట్టుకుంటుంది. ఇది ఏమీ పంపదు. "ఆలకిస్తుంది" అంటే అతికినట్టుంటుంది.

చిత్తూరు, సైన్సు టీచరు:
"హోరు", "ఆలకించు" రెండూ బాగున్నాయి సార్. మా పక్క "పైకి తెలీదు, లోపల కాగతా ఉండాది, లోజరం" అంటారు. "లోజరం ఆలకించే యంత్రం" అని పేరు పెడితే?

తిరుపతి, పరికరాల ఇంజనీరు:
పేరు భలే ఉంది. కింద ఒక వాక్యం మాత్రం తప్పక చేర్చండి: ఇది ఒక్క చోటి వేడి కాదు, దారిలోని పొరలన్నిటి హోరూ కలిసిన లెక్క. మెత్తటి కండలో 2 మెగాహెర్ట్జ్ దగ్గర సెంటీమీటరుకు సుమారు 1 డెసిబెల్ తగ్గుతుంది. అంటే హోరులో ఎక్కువ భాగం పై 4 సెంటీమీటర్ల నుంచే. 1 మెగాహెర్ట్జ్‌లో వింటే దాదాపు రెట్టింపు లోతు. రెండు మూడు పౌనఃపున్యాల్లో విని పోల్చుకుంటే ఏ పొర ఎంత వేడో విడదీయొచ్చు. దళసరి ఎముక, గాలి నిండిన ఊపిరితిత్తి అడ్డొస్తే ఆ వెనక వేడి అందదు.

చంద్రగిరి, ఫిజిక్సు లెక్చరరు:
పిల్లలు అడిగే ప్రశ్న ఇంకోటుంది: వేణ్ణీళ్ళ గిన్నెలో పెడితే సరిగ్గా చూపిస్తుందా? చూపించదు. ఏ పదార్థం ధ్వనిని ఎంత పీల్చుకుంటుందో అంతే హోరు పుట్టిస్తుంది. నీళ్ళు ఈ పౌనఃపున్యాల్లో దాదాపు ఏమీ పీల్చుకోవు, కాబట్టి వినపడేది నీళ్ళ హోరు కాదు, అవతలి గిన్నె గోడ నుంచి వచ్చే హోరు. యంత్రాన్ని సరిచూసుకోవడానికి ధ్వనిని బాగా పీల్చుకునేది కావాలి, ఆముదం పనికొస్తుంది. లోతైన గిన్నెలో పోసి, ఒక సమమైన వేడి దగ్గర నిలకడగా ఉంచి కొలవాలి.

తిరుపతి, పరికరాల ఇంజనీరు:
అవును సార్, దాంతోపాటు జెల్ సంగతి. చర్మానికీ, దానికి ఆనించి వినే మొన అంటే ప్రోబుకూ మధ్య జెల్ పూస్తాం; అక్కడ గాలి బుడగ మిగిలితే ఒంటి హోరు అక్కడే వెనక్కి తిరుగుతుంది. ప్రోబు తన హోరునే తాను విని తన వేడినే చూపిస్తుంది. ఎవరి ఒంటి మీద పెట్టినా అంకె గది వేడి వైపే జారుతుంటే ముందు జెల్ చూడండి. వెంట్రుకలున్న చోట జెల్ ఎక్కువ వేసి, వేలితో రుద్ది బుడగలు పోగొట్టి అప్పుడు ప్రోబు పెట్టాలి.