మూడు నెలలకు సర్వీస్డ్ అపార్ట్‌మెంట్: సముద్రం ఎదురుగానా, లోపలి వీధిలోనా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. ఆఫీసు పని మీద సముద్రం ఒడ్డునున్న ఒక పెద్ద నగరంలో మూడు నెలలు ఉండాలి. నాన్నగారిని కూడా తీసుకెళ్తున్నాను. ఆయనకు ఆస్తమా. ఇంట్లోనే వండుకోవాలి కాబట్టి హోటల్ వద్దనుకుని, సామాన్లు, హౌస్‌కీపింగ్‌తో సహా అద్దెకిచ్చే సర్వీస్డ్ అపార్ట్‌మెంట్లు వెతికాను. చివరికి రెండు స్టూడియోలు (పడక, వంట ఒకే గదిలో ఉండే చిన్న ఫ్లాట్లు) మిగిలాయి. ఒకటి ఏడో అంతస్తు, బాల్కనీలోంచి సముద్రం కనిపిస్తుంది. రెండోది రెండు వీధులు లోపలికి, మూడో అంతస్తు, అద్దె కొంచెం తక్కువ. కానీ ఒక కిటికీకి పక్క బిల్డింగ్ గోడే అడ్డం. నాన్నగారు పగలంతా గదిలోనే ఉంటారు, అందుకే నా మనసు సముద్రం వైపే లాగుతోంది. అడ్వాన్స్ కట్టేముందు ఏం చూసుకోవాలి?

జవాబు 1

అమ్మా, ఇలాంటి ఫ్లాట్ల నిర్వహణ చాలా ఏళ్లు చూసినవాణ్ణి. మీ నాన్నగారికి ఆస్తమా అన్నారు కాబట్టి ముందు చూడాల్సింది చెమ్మ, ఆ తర్వాతే సముద్రం. గదిలో తేమ 60 శాతం దాటి రోజుల తరబడి నిలిచిపోతే బూజు పడుతుంది. బూజు గాల్లో కలిస్తే ఆస్తమా ఉన్నవాళ్లకు ఊపిరి ఆడదు.

ఫొటోలు నమ్మకండి. మనిషిని పంపించి అల్మరా వెనక గోడ, బాత్రూమ్ సీలింగ్, పరుపు అడుగు భాగం చూపించమనండి. గోడ కింది భాగానికి మాత్రమే కొత్తగా రంగు వేసి ఉంటే చెమ్మను కప్పిపెట్టారేమోనని అనుమానించాలి. తలుపు తీయగానే రూమ్ ఫ్రెషనర్ గుప్పుమన్నా అంతే, కిటికీలు తెరిపించి కాసేపాగి మళ్లీ వాసన చూడాలి.

సముద్రం ఎదురుగా ఉంటే గాలి బాగా వస్తుంది, నిజమే. పగలు నేల వేడెక్కుతుంది కాబట్టి సముద్రం వైపు నుంచి గాలి తోలుతుంది. రాత్రికి నేల చల్లబడి గాలి ఎదురు తిరుగుతుంది. కానీ ఆ గాలితోపాటు ఉప్పు కూడా వస్తుంది. ఏసీ బయటి యూనిట్ రేకులు, కిటికీ బోల్టులు, గ్రిల్ అన్నీ తుప్పు పడతాయి. బాల్కనీ తలుపు బిగుసుకుపోయి తెరవలేకపోతే ఆ సముద్రం ఎదురుగా ఉండి ఏం లాభం? ఏసీ చివరిసారి ఎప్పుడు సర్వీస్ చేశారో అడగండి, ఫిల్టర్ మీ ముందే తీసి చూపించమనండి.

నన్నడిగితే, రెండు వైపులా కిటికీలు తెరుచుకుని, బాత్రూమ్‌లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరిగే ఇల్లే మంచిది. అది ఏ వీధిలో ఉన్నా సరే.

జవాబు 2

కరెంటు సంగతి కూడా తేల్చుకోండి. అద్దెలో కలిపారా, మీటర్ ప్రకారమా? టన్ను ఏసీ ఆగకుండా నడిస్తే గంటకు దాదాపు ఒక యూనిట్ కాలుతుంది. పగలంతా మనిషి ఉంటాడు కాబట్టి మీకిది చిన్న ఖర్చు కాదు. కరెంటు పోతే బ్యాకప్ మీద ఏవేం నడుస్తాయో కూడా అడగండి. చాలాచోట్ల లైట్లు, ఫ్యాన్లు, లిఫ్ట్ వరకే. నాన్నగారు నెబ్యులైజర్ (మందును పొగమంచులా చేసి పీల్చుకోనిచ్చే మిషన్) వాడితే దానికి ఏ ప్లగ్ పనిచేస్తుందో ముందే చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు

నెబ్యులైజర్ వాడతారండీ, ఆ ప్లగ్ సంగతి నాకు తట్టనే లేదు. స్నేహితురాలిని పంపించాను. ఏడో అంతస్తు ఫ్లాట్‌లో బాత్రూమ్‌కు కిటికీ లేదు, ఫ్యాన్ తిరగడం లేదు, సీలింగ్ మూలన నల్ల మచ్చలు. లోపలి వీధి ఇంట్లో గోడలు పొడిగా ఉన్నాయట. రెండో కిటికీ రోడ్డు వైపు తెరుచుకుంటుందట. దానికే మొగ్గుతున్నాను. డిపాజిట్ విషయంలో ఏమైనా జాగ్రత్తలున్నాయా?

జవాబు 1

మంచి నిర్ణయం. నాన్నగారికి కుర్చీ ఆ రోడ్డు వైపు కిటికీ దగ్గర వేయండి, మనుషులు కనిపిస్తుంటే పొద్దుపోతుంది. డిపాజిట్ ఎన్ని రోజుల్లో తిరిగిస్తారో, ముందే ఖాళీ చేస్తే ఎంత కోస్తారో ఒప్పందంలో రాయించుకోండి. దుప్పట్లు వారానికి ఎన్నిసార్లు మారుస్తారో కూడా అందులోనే ఉండాలి. తాళం తీసుకున్న రోజే గోడలు, సామాన్లు, మీటర్ రీడింగ్ వీడియో తీసి వాళ్లకు పంపండి. ఇంకొకటి, హౌస్‌కీపింగ్ వాళ్లకు ఘాటైన ఫినాయిల్, స్ప్రేలు వాడొద్దని మొదటి రోజే చెప్పండి. తుడిచేటప్పుడు నాన్నగారిని కాసేపు బయట కూర్చోబెట్టండి.