వాక్యూమ్ క్లీనర్ బ్యాటరీని ఇంట్లో విప్పవచ్చా, కూడదా?

నీలిగోరింట:
మా కార్డ్‌లెస్ వాక్యూమ్ క్లీనర్ రాత్రంతా ఛార్జింగ్‌లో ఉంచినా, ఎక్కువ వేగంలో పెట్టగానే కొద్ది సెకన్లలో ఆగిపోతోంది. తక్కువ వేగంలో కాసేపు నడిచి, ఉన్నట్టుండి ఆగుతోంది. ఆ మోడల్ తయారీ ఆపేశారు, దానికి సరిపోయే బ్యాటరీ ప్యాక్ ఎక్కడా దొరకడం లేదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే కొత్త యంత్రమే కొనమన్నారు. ప్యాక్ మీద 21.6 వోల్టులు అని ఉంది. అంటే లోపల ఆరు లిథియం సెల్స్ వరుసగా కలిపి ఉండాలి. నాకు సోల్డరింగ్ వచ్చు. ఆ సెల్స్ నేనే మార్చుకోవచ్చా? ఇంట్లో ఒకరు మార్చమంటున్నారు, ఇంకొకరు దాన్ని ముట్టుకోనివ్వడం లేదు.

తీగల పని:
బ్యాటరీ జోలికి వెళ్లే ముందు యంత్రం ఎలా ఆగుతోందో గమనించండి. మీట నొక్కి పట్టుకున్నా ఆగుతూ, అందుకుంటూ, మళ్లీ ఆగుతూ ఉంటే చాలావరకు గాలి దారిలో అడ్డు ఉన్నట్టే. గాలి ఆడకపోతే మోటారు వేడెక్కి పాడవకుండా కొన్ని యంత్రాలు ఇలా తమంతట తామే ఆపుకుంటాయి. ఒక్కసారిగా ఆగి, మీట వదిలి మళ్లీ నొక్కేదాకా ఉలకకపోతే బ్యాటరీని అనుమానించవచ్చు.

గొట్టం, బ్రష్ తల రెండూ తీసేసి నడిపి చూడండి. అప్పుడు బాగా నడిస్తే తప్పు కింద ఉంది: బ్రష్ రోలర్ రెండు చివర్లా, బేరింగ్ దగ్గర, వెంట్రుకలు చుట్టుకుని ఉంటాయి. ఫిల్టర్ కడిగే రకమైతే కడిగి, కనీసం 24 గంటలు నీడలో ఆరనివ్వండి. తడి ఫిల్టర్ పెట్టి నడిపితే ఆ తేమంతా మోటారులోకి పోతుంది. తరువాత ఛార్జర్ పిన్ దగ్గర మల్టీమీటర్ పెట్టండి. ఆరు సెల్స్ పూర్తిగా నిండితే 25.2 వోల్టులు, కాబట్టి ఛార్జర్ అంతకు కొంచెం పైన చూపాలి. మూడొంతుల యంత్రాలు ఇక్కడే బాగుపడతాయని నా నమ్మకం.

సర్క్యూటు పక్షి:
ఇవన్నీ చూసుకున్నాక కూడా ఆగితే నిస్సంకోచంగా విప్పండి. మోటారు బాగుంది, గొట్టం బాగుంది, ఒక్క సెల్ నీరసించిందని మొత్తం యంత్రాన్ని పారేయడమంటే ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోవడమే. లోపల ఉండేవి చాలావరకు 18650 సెల్స్, 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 పొడవు. బయట దొరికే సరుకే. బంకతో అతికించి "లోపల మీరు మార్చదగినదేమీ లేదు" అని రాసే తయారీదారుల మాట మనం ఎందుకు పాటించాలి? యూరోపియన్ యూనియన్ 2023లో చేసిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి ఇలాంటి పరికరాల బ్యాటరీని వాడేవాళ్లే తీసి మార్చుకునేలా తయారు చేయాలి, కొన్ని మినహాయింపులతో. అంటే అది సాధ్యమేనన్నమాట.

మెల్లగా:
ఇక్కడ నిప్పు మాటవరసకు కాదు, నిజంగానే అంటుకుంటుంది. ఆ చట్టం చెప్పేది ప్యాక్ మొత్తాన్ని తీసి పెట్టుకోవడం గురించి. ప్యాక్ కోసి లోపలి సెల్స్ అతకడం వేరే పని. ఈ రెండింటినీ కలిపి చెబితే చదివినవాళ్లు ప్రమాదంలో పడతారు.

నీలిగోరింట గారూ, సోల్డరింగ్ వచ్చన్నారు, నాకు భయం వేసేది అందుకే. సోల్డరింగ్ ఐరన్ మొన 350 డిగ్రీల దాకా ఉంటుంది. సెల్ లోపల రెండు ఎలక్ట్రోడ్లను విడదీసే పొర పలుచని ప్లాస్టిక్, 130 డిగ్రీల ప్రాంతంలోనే మెత్తబడుతుంది. అందుకే ఫ్యాక్టరీలో నికెల్ పట్టీలను సెకనులో వెయ్యోవంతుల లెక్కన స్పాట్ వెల్డింగ్ (ఒక్క చుక్క దగ్గర కరెంటుతో అతకడం) చేస్తారు. ఇంకొకటి, 18650 సెల్ ఒంటి లోహమంతా మైనస్సే. ప్లస్ బొడిపె చుట్టూ అంచు కూడా మైనస్సే. మధ్యలో ఉన్నది సన్నని ఇన్సులేషన్ ఉంగరం, పైన పలుచని ప్లాస్టిక్ తొడుగు. స్క్రూడ్రైవర్‌తో ప్యాక్ పెకలిస్తూ ఆ తొడుగు చీరారంటే అక్కడే షార్ట్. ఆ షార్ట్‌ను మధ్యలో ఆపడానికి మన చేతిలో స్విచ్ ఉండదు.

ఒక్క సెల్ మార్చడం గురించి కూడా చెప్పాలి. పాత ఐదింటి మధ్య కొత్తది పెడితే ప్రతి ఛార్జింగ్‌కూ వాటి మధ్య తేడా పెరుగుతుంది. మారిస్తే ఆరూ ఒకే రకం, ఒకే విడతవి మార్చాలి.

సర్క్యూటు పక్షి:
సోల్డరింగ్ వద్దన్న మాటతో నాకు పేచీ లేదు, ఆరూ మార్చాలన్నదీ ఒప్పుకుంటాను. కానీ చిన్న స్పాట్ వెల్డర్లు ఇప్పుడు ఇంటి పనివాళ్లకూ దొరుకుతున్నాయి. పనికిరాని నికెల్ ముక్కల మీద సాధన చేసి, లాగితే పట్టీ చిరగాలే తప్ప అతుకు ఊడకూడదు అనేంత చేయి తిరిగాక ఎందుకు చేయకూడదు? భయపెట్టి ఆపితే జనం చేసేది ఒక్కటే, బ్యాటరీతో సహా చెత్తబుట్టలో వేస్తారు. చెత్త బండిలో నలిగితే అదే నిప్పు అక్కడ రాజుకుంటుంది.

తీగల పని:
తప్పు కనిపెట్టడం వేరు, ప్యాక్ కట్టడం వేరు. మొదటిది ఎవరైనా నేర్చుకోవాలి. దానివల్లే డబ్బు, యంత్రం రెండూ మిగులుతాయి. కొలవడానికి ప్యాక్ తెరవాలంటే ప్లాస్టిక్ ముక్కతోనే పెకలించండి, చేతి ఉంగరాలు, గడియారం తీసేయండి. రెండోది సాధనం, అలవాటు ఉన్నవాళ్ల చేతిలో పెట్టడం మంచిదంటాను.

సెల్స్ ఎంపికలో మోసపోకండి. 450 వాట్ల మోటారు 21.6 వోల్టుల మీద నడవాలంటే దాదాపు 21 ఆంపియర్లు కావాలి. పాత ల్యాప్‌టాప్ నుంచి తీసిన సెల్ అంత ఇవ్వలేదు, వేడెక్కిపోతుంది. ఎక్కువ కరెంటు ఇచ్చే రకమే అడగండి. 18650 పరిమాణంలో మామూలుగా దొరికే మంచి సెల్ సామర్థ్యం 3500 ఎంఏహెచ్ (మిల్లీఆంపియర్-గంటలు, అంటే నిల్వ ఉంచగల ఛార్జ్) దగ్గర ఆగుతుంది. 9900 అని ముద్రించి ఉంటే అది శుద్ధ అబద్ధం.

నీలిగోరింట:
అందరికీ కృతజ్ఞతలు. బ్రష్ తల తీసి నడిపినా అదే తీరు, ఒక్కసారిగా ఆగుతోంది. ఫిల్టర్ కడిగి ఆరబెట్టి చూశాను, తేడా లేదు. ఛార్జర్ 26 వోల్టులు చూపింది. ప్లాస్టిక్ పలకతో ప్యాక్ తెరిచి కొలిస్తే ఐదు సెల్స్ 4.1 వోల్టుల దగ్గర ఉన్నాయి, ఒకటి మాత్రం 3.5. వాటిని కలిపిన పట్టీలను ముట్టుకోలేదు. ఆరు కొత్త సెల్స్ తెప్పించి, స్పాట్ వెల్డర్ ఉన్న మెకానిక్‌తో కట్టిస్తాను. ఒక్క సందేహం: సెల్స్ మార్చాక లోపలి కంట్రోల్ బోర్డు మళ్లీ పనిచేస్తుందా?

తీగల పని:
సెల్స్ కొనకముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఇది. కొన్ని బోర్డులు సెల్స్ మధ్య తేడా ఎక్కువైతే శాశ్వతంగా తాళం వేసుకుంటాయి, కొత్త సెల్స్ పెట్టినా తెరుచుకోవు. మీ ప్యాక్ ఇప్పటికీ ఛార్జ్ తీసుకుంటోంది, మోటారును తిప్పుతోంది, కాబట్టి ఇంకా తాళం పడలేదు. పడకముందే మార్పించండి. ఛార్జింగ్ మొదలుకాకుండా ఎర్ర దీపం అదేపనిగా మిణుకుతుంటే మాత్రం సెల్స్ మీద ఖర్చు పెట్టవద్దు. కట్టేటప్పుడు బోర్డు నుంచి వచ్చే సన్నని తీగలు ఏ సెల్‌కు ఏది వెళ్తుందో ముందే ఫోటో తీయమని మెకానిక్‌కు చెప్పండి. ఆ వరుస తప్పితే బోర్డు కాలిపోతుంది.

మెల్లగా:
కట్టించుకుంటానన్నారు, సంతోషం. ఇంటి పనిగా దీన్ని ప్రోత్సహించడానికి మాత్రం నేను ఇప్పటికీ వ్యతిరేకినే. మొదటి కొన్ని ఛార్జింగ్‌లు మీరు మెలకువగా, దగ్గరే ఉన్నప్పుడు, గచ్చు నేల మీద పెట్టండి, పరుపులకూ కర్టెన్లకూ దూరంగా. పాత సెల్స్ చివరలకు టేపు అంటించి ఈ-వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఆ 3.5 వోల్టుల సెల్‌ను టార్చిలైటుకు పనికొస్తుందని దాచుకోవద్దు.