అందరూ మెచ్చిన ఆ షో నాకెందుకు ఎక్కడం లేదు?

రిమోట్‌నాది:
ఊరంతా మెచ్చుకునే షో, మీకు మాత్రం పది నిమిషాలు కూడా మింగుడు పడదు. అలాంటిది ఏదైనా ఉంటే ఇక్కడ రాయండి. "చెత్త" అని ఒక్క ముక్కలో తేల్చేయొద్దు. సరిగ్గా ఎక్కడ రిమోట్ కోసం చెయ్యి చాచారో అది చెప్పండి.

నాది కార్తీకదీపం. 2017 అక్టోబరు నుంచి 2023 జనవరి దాకా స్టార్ మాలో వచ్చింది, 1500 పైచిలుకు ఎపిసోడ్లు. రాత్రి ఏడున్నర అయితే మా అపార్ట్‌మెంట్లో లిఫ్టు ఖాళీ. వంటలక్క దీప కష్టాలు చూసి మా అత్తయ్య నిజంగానే కళ్ళు తుడుచుకునేది. నాకూ దీప మీద జాలే. కానీ డాక్టర్‌బాబు డాక్టరు కదండీ! భార్యని అనుమానించాడు, పుట్టినవాళ్ళు తన పిల్లలు కాదనుకున్నాడు. ఒక్క డీఎన్‌ఏ పరీక్ష చేయించుకుంటే కథ ఆ వారమే అయిపోయేది. ఆ మాట పైకి అంటే అత్తయ్య "నువ్వు ముందు ఇక్కణ్ణుంచి లే" అనేది. లేచి వెళ్ళిపోయేదాన్ని.

అటకమీదపిల్లి:
నాదీ అదే సీరియలే, కారణం వేరు. నల్లగా ఉన్నందుకు అవమానాలు పడే అమ్మాయి కథ అన్నారు. మంచిదే అనుకుని కూర్చున్నా. ఆ పాత్ర చేసిన ప్రేమి విశ్వనాథ్ విడిగా చూస్తే తెల్లగా ఉంటుంది, రంగు పూసి నల్లగా చూపించారు. దీని మలయాళం మాతృక కరుత్తముత్తులోనూ మొదట ఆవిడే చేసింది. బాగా నటించింది, కాదనను. నాకు వచ్చిన చిక్కల్లా, ఆ మేకప్ రంగే నా అసలు రంగు. ఆ రోజుల్లో మా బంధువులు నన్ను "వంటలక్కా" అని పిలిచేవాళ్ళు. ముద్దుగానే లెండి. అలా పిలిచిన పిన్నే మర్నాడు ఫోన్ చేసి ఏ క్రీమ్ వాడాలో చెప్పింది.

రిమోట్‌నాది:
క్రీమ్ పేరు మాత్రం ఇక్కడ రాయకండి 🙏

ఓరుగల్లుపోరడు:
ఒక్క సీరియల్ అని కాదు, నాకు సీరియల్ అన్నదే పడదు. మా అమ్మ పక్కన కూసుని చూసిన సీన్ ఒకటి చెప్తా. పేరు అడగకండి, ఏ పేరు పెట్టినా సరిపోతది.

హాల్లో అందరూ నిలబడి ఉంటరు. అత్త ఒక మాట అంటది. పిడుగు పడ్డట్టు చప్పుడు. కోడలి ముఖం కుడి నుంచి, ఎడమ నుంచి, మళ్ళీ ఎదురుగా. తర్వాత కొడుకు. తర్వాత ఆడపడుచు, ఆమె మొగుడు, మామ. చివరికి కాఫీ ట్రే పట్టుకున్న పనమ్మాయి. ఆ పిల్లకు ఈ కథతో ఏ సంబంధం లేదు, అయినా ఆమె కూడా కళ్ళు పెద్దగా చేసి నోరు తెరుస్తది. అక్కడ బ్రేక్. బ్రేక్ అయినంక అత్త అదే మాట మళ్ళీ అంటది, పిడుగు మళ్ళీ పడతది. అమ్మకేమో కోడలు ఏమంటదోనని టెన్షన్, నాకేమో ఆ కాఫీలు చల్లారిపోతున్నయని టెన్షన్.

ఎడిటింగ్‌బల్ల:
నేను సీరియల్ ఎడిటింగ్ పనిలోనే ఉన్నా, కాబట్టి తిట్లు నాక్కూడా తగులుతాయి. ఎందుకు అలా ఉంటుందో చెప్తా.

డైలీ సీరియల్ అంటే వారానికి ఐదో ఆరో ఎపిసోడ్లు. అరగంట స్లాట్‌లో యాడ్స్, టైటిళ్ళు పోను కథకి ఇరవై, ఇరవై రెండు నిమిషాలు ఉంటుంది. కేబుల్ టీవీ రూల్స్ ప్రకారం గంటకి 12 నిమిషాలకు మించి ప్రకటనలు వేయకూడదు, సొంత ప్రోమోలు కూడా అందులోనే. రోజుకో ఎపిసోడ్ సరుకు తీయాలి. కొత్త లొకేషన్‌కి వెళ్తే ఖర్చు, టైమ్ రెండూ పోతాయి. హాలు సెట్టు ఎలాగూ ఉంది, ఆర్టిస్టులు ఎలాగూ కాల్‌షీట్ ఇచ్చి వచ్చి ఉన్నారు. అందుకే అందరి రియాక్షన్లూ తీసి పెట్టుకుంటాం. నిడివి చాలకపోతే టేబుల్ మీద అవే కాపాడతాయి. పనమ్మాయి షాట్ అలా వచ్చిందే.

ఇంకో సంగతి. సీరియల్‌ని చాలామంది చూడరు, వింటారు. వంటింట్లో ఉన్నావిడకి తెర కనిపించదు. పిడుగు చప్పుడు వినబడితే గరిట పట్టుకుని గుమ్మం దాకా వస్తుంది. మాట రెండోసారి చెప్పేది కూడా ఆవిడ కోసమే. కదలకుండా సోఫాలో కూర్చుని చూసే మీలాంటివాళ్ళకి విసుగు రావడంలో వింత లేదు, అది మీ కోసం కట్ చేసింది కాదు.

ఇక కథ ఎందుకు ముగియదంటారా? ఏ షోని ఎంతమంది చూశారో చెప్పే బార్క్ రేటింగ్ ప్రతి గురువారం వస్తుంది. అంకె బాగున్నంత కాలం డీఎన్‌ఏ పరీక్ష జరగదు.

కర్నూలుకారం:
అన్నా, ఆ చివరి లైన్‌కి దండం. మా అమ్మ కూడా అంతే, టీవీకి వీపు పెట్టి కూరగాయలు తరుగుతూ "అదిగో మోనిత వచ్చింది" అంటుంది, కార్తీకదీపంలో విలన్. మ్యూజిక్ బట్టి కనుక్కుంటుందట. ప్రతి పాత్రకీ ఒక మ్యూజిక్ పెట్టింది ఇందుకేనన్నమాట.

కానీ ఒకటి ఒప్పుకోను. మొగలిరేకులు కూడా డైలీ సీరియలే, 2008 నుంచి 2013 దాకా జెమినీలో వచ్చింది. దానికీ ఇవే రూల్స్ కదా. దర్శకురాలు మంజులా నాయుడు ఇందరి ముఖాలు చూపించకుండానే నడిపారు. అందులో పోలీసు హీరో ఆర్.కె. నాయుడు కోసం మా హాస్టల్లో మగపిల్లలు కూడా టీవీ రూమ్‌లో చోటు పట్టుకునేవాళ్ళు.

ఎడిటింగ్‌బల్ల:
అది కూడా చివరి ఏడాది సాగదీశారు తమ్ముడూ. నీకు గుర్తులేదంతే.

నిద్రరానినర్సు:
నాది గేమ్ ఆఫ్ థ్రోన్స్. 8 సీజన్లు, 73 ఎపిసోడ్లు. మా డ్యూటీ రూమ్‌లో చూడనిదాన్ని నేనొక్కదాన్నే. "నీకు రక్తం అలవాటే కదా, నీకేంటి" అంటారు. రక్తంతో నాకు ఇబ్బంది లేదు. మూడో సీజన్లో థియాన్ అనే పాత్రని కట్టేసి ఎపిసోడ్ల తరబడి హింసిస్తారు, అక్కడ ఆపేశా. క్యాజువాలిటీలో నొప్పితో ఎవరైనా వస్తే అందరం పరిగెడతాం, అది ఎంత త్వరగా తగ్గితే అంత మేలు. అక్కడేమో నొప్పిని తీరిగ్గా, ఒక్కో వేలికీ టైమ్ ఇచ్చి చూపిస్తున్నారు. డ్యూటీ దిగి వచ్చి అది చూడటం నా వల్ల కాలేదు.

చివరి సీజన్ అందరూ కలిసి చూద్దామని పిలిస్తే వెళ్ళా. ఆ పెద్ద రాత్రి యుద్ధం ఎపిసోడ్ ఉంది కదా, మరీ చీకటిగా ఉందని 2019లో ప్రపంచమంతా గోల పెట్టింది. తెరలో మా ఫ్రెండ్ వాళ్ళ ట్యూబ్‌లైటు కనబడింది, నా ముఖం కనబడింది. ఎవరు ఎవర్ని చంపారో తెలియలేదు.

డల్లాస్‌దోసె:
ఇక్కడ ఆఫీసులో "ఫ్రెండ్స్" అనే కామెడీ షో చూడలేదంటే వింత జంతువుని చూసినట్టు చూస్తారు. 1994 నుంచి 2004 దాకా 10 సీజన్లు, 236 ఎపిసోడ్లు. అమెరికా వచ్చిన కొత్తలో యాస పట్టుకోవడానికి చూడమని సీనియర్లు చెప్పారు. ఆ రికార్డు నవ్వు భరించలేకపోయా. తలుపు తీస్తే నవ్వు, తలుపు వేస్తే నవ్వు.

పాతరేడియో:
చిన్న సవరణ బాబూ. ఫ్రెండ్స్‌లోది చాలావరకు డబ్బాలోంచి తెచ్చిన నవ్వు కాదు. బర్బ్యాంక్‌లో వార్నర్ బ్రదర్స్ స్టూడియోలో నిజం ప్రేక్షకుల్ని కూర్చోబెట్టి తీశారు. ఒక జోకుకి వాళ్ళు నవ్వకపోతే రచయితలు అక్కడికక్కడే మార్చి రాసి మళ్ళీ చేయించేవాళ్ళు.

డల్లాస్‌దోసె:
తెలియదండీ, థాంక్స్. సరే, నవ్వింది నిజం మనుషులే అనుకుందాం. అయినా నాకంటే ముందే నవ్వేస్తున్నారు! జోకు నాకు అర్థమయ్యేసరికి వాళ్ళు తర్వాతి దానికి నవ్వుతున్నారు. పెళ్ళిలో ఆఖరి బంతికి కూర్చున్నట్టుంటుంది నా పని.

గోదారిగట్టు:
జబర్దస్త్ గురించి ఎవరూ ఎత్తరేంటి? ఈటీవీలో 2013 ఫిబ్రవరిలో మొదలైనప్పుడు మేం ఇంటిల్లిపాదీ చూశాం. నాకు ఎక్కడ చెడిందంటే, స్కిట్‌లో భార్య అంటే చాలాసార్లు చీర కట్టిన మగాడే. రాగానే ఆ "భార్య" లావు మీద ఒక పంచ్, పళ్ళ మీద ఒకటి, పుట్టింటి మీద ఒకటి. ఆపైన ఒక తన్ను. వెంటనే జడ్జిలు పగలబడి నవ్వుతున్న షాట్. ఒకరోజు మా ఆవిడ అన్నం తింటూ "ఈ వారం కూడా నన్నే తిట్టారా?" అంది. నవ్వుతూనే అంది. ఆ తర్వాత ఆ షో పెట్టబుద్ధి కాలేదు.

సిక్కోలుసీను:
గోదారిగట్టు అన్నా, మీరన్నది తప్పని అనను. కానీ ఇంకో వైపు కూడా చూడండి. ఊళ్ళలో మిమిక్రీ చేసుకునే కుర్రాళ్ళకి, రికార్డింగ్ డ్యాన్సుల్లో ఆడంగి వేషాలు కట్టినవాళ్ళకి అంతకుముందు ఏ స్టేజీ ఉంది? పండగ సీజన్ అయిపోతే పస్తులే. ఈ షో వచ్చాక ముఖం తెలిసింది, ఫంక్షన్లకి రేటు పెరిగింది. వేణు ఎల్దండి ఆ స్టేజి మీద స్కిట్లు చేసినవాడే, 2023లో సినిమా దర్శకుడై పేరు తెచ్చుకున్నాడు. నేను పంచ్‌ల కోసం చూడను, ఒక్కొక్కడి టైమింగ్ కోసం చూస్తా.

గోదారిగట్టు:
వాళ్ళ కష్టం మీద నాకు గౌరవమే సీనూ. టైమింగ్ ఉన్నవాడికి మా ఆవిడ లావు దేనికి?

శృతిబాక్సు:
నేను చెప్పేది వింటే మీరంతా కొడతారు. నాది పాడుతా తీయగా.

1996లో బాలు గారు మొదలుపెట్టిన దగ్గర్నుంచి మా ఇంట్లో అది పూజతో సమానం. 2020లో ఆయన పోయాక వాళ్ళబ్బాయి చరణ్ గారు నడుపుతున్నారు, మా నాన్న ఇప్పటికీ చూస్తారు. నేను పిల్లలకి సంగీతం చెప్తా, కాబట్టి నాకే బాగా నచ్చాలి. కానీ కూర్చోలేను. పల్లవి అయిపోతుంది, వాద్యాలు వాయిస్తుంటారు. ఆ పాప మైకు పట్టుకున్న చెయ్యి మారుస్తుంది, పెదాలు తడుపుకుంటుంది. చరణం పై షడ్జంలో, అంటే పై "స"లో, ఎత్తుకోవాలని నాకు తెలుసు, ఆ పాపకీ తెలుసు. అందుతుందా అందదా అని నా గొంతు బిగుసుకుపోతుంది. బాలు గారు ఎంత మర్యాదగా తప్పు చెప్పేవారో మీకు తెలుసు కదా, "అక్కడ ఒక చిన్న అనుస్వరం పడలేదు నాన్నా" అన్న ధోరణిలో. తిట్టినా బాగుండేది. ఆ మెత్తదనానికి ఆ పిల్ల కళ్ళు నిండేవి, ఇక్కడ నావీ.

ఇప్పుడు ఎవరు గెలిచారో తెలిశాకే యూట్యూబ్‌లో పెట్టుకుంటా. అప్పుడు పాట హాయిగా వినబడుతుంది.

నిద్రరానినర్సు:
శృతిబాక్సు అక్కా, మిమ్మల్ని కొట్టేది ఎవరు, మంచినీళ్ళు ఇవ్వాలి ముందు.

ఎడమచెవి:
బిగ్‌బాస్ వదిలేశారు. హోస్టుగా 2017లో ఎన్టీఆర్, 2018లో నాని, 2019 నుంచి నాగార్జున. మా ఇంట్లో ఏ సీజనూ వదల్లేదు. నాకు కుడి చెవి వినబడదు. నామినేషన్ల రోజు ఆరుగురు ఒకేసారి అరుస్తారు, మధ్యలో బీప్‌లు, కింద మ్యూజిక్. నాకు మొత్తం ఒకే హోరు. మన టీవీ షోలకి తెలుగు సబ్‌టైటిల్స్ వేసే అలవాటు తక్కువ. శనివారం నాగార్జున ఒక్కొక్కర్నీ నిలబెట్టి అడుగుతారు కదా, అప్పుడు మాత్రమే వారమంతా ఏం జరిగిందో నాకు తెలుస్తుంది.

బెజవాడపద్మ:
మీ ఇబ్బంది అర్థమైంది. కానీ ఆ హోరే నాకు కావాలి బాబూ. పిల్లలిద్దరూ విదేశాల్లో, మా వారు లేరు. ఆ మూడు నెలలూ రాత్రి తొమ్మిదిన్నరకి ఇంట్లో నలుగురు పోట్లాడుకుంటున్నట్టుంటుంది. పక్క ఫ్లాట్ ఆవిడతో మర్నాడు మాట్లాడుకోవడానికి ఏదో ఒకటి దొరుకుతుంది. నాకు ఎక్కనివి మీరు మెచ్చుకునే ఇంగ్లీషు సిరీస్‌లు. అందరూ మెల్లగా గొణుగుతారు.

ఇరవైరెండేళ్ళోణ్ణి:
బ్లాక్ చేయకండి ప్లీజ్. నాది ఆ పాత కామెడీ సీరియల్ అమృతం. యూట్యూబ్‌లో వరసగా చాలా చూశా, నవ్వు రాలేదు.

పాతరేడియో:
ఏమన్నావ్?

కర్నూలుకారం:
అయిపోయాడు.

పాతరేడియో:
2001 నుంచి 2007 దాకా ఆదివారం రాత్రి జెమినీలో అది వస్తుంటే, సోమవారం బడికెళ్ళాలన్న బాధ మర్చిపోయి నవ్వాం. గుణ్ణం గంగరాజు గారి ఆలోచన అది. ఒక్క బూతు లేదు, ఒకర్ని తన్నడం లేదు. తెలివి తక్కువ ప్లాన్ వేసి ఇరుక్కోవడం, అంతే కథ. నువ్వు చూసిన ఎపిసోడ్‌లో అమృతం ఎవరు? శివాజీరాజా, నరేష్, హర్షవర్ధన్ ముగ్గురూ వేశారు.

ఇరవైరెండేళ్ళోణ్ణి:
అదీ ఒక ప్రాబ్లమ్ సర్. ఒక లిస్టులో పెడితే మనిషి మారిపోతున్నాడు, భార్య మాత్రం ఏమీ అనదు 😅 జోకు వచ్చే ముందే తెలిసిపోతోంది. మేం రీల్స్‌లో ముప్ఫై సెకన్లలో చూసేది అక్కడ ఇరవై నిమిషాలు నడుస్తోంది.

పాతరేడియో:
మేం వారానికి ఒకటే చూశాం. నువ్వు ఒక్క రాత్రిలో పది పెట్టుకుంటే ఎవడికైనా మొహం మొత్తుతుంది. హర్షవర్ధన్ ఉన్నవాటిలోంచి ఒక లింకు పంపిస్తా. ఆ ఒక్కటి చూసి ఆపు. రెండోది వారం తర్వాత.

ఇరవైరెండేళ్ళోణ్ణి:
చూశా సర్. హౌస్ ఓనర్ అప్పాజీ అద్దె కోసం వచ్చిన ప్రతిసారీ నవ్వొచ్చింది. అమృతం, ఆంజనేయులు మాట్లాడుకుంటుంటే రాలేదు.

పాతరేడియో:
ఆంజనేయులుగా వేసిన గుండు హనుమంతరావుకి నవ్వలేదా? సరే, కనీసం అప్పాజీ దగ్గర దొరికావు. ఆదివారం ఇంకోటి పంపిస్తా, అప్పటిదాకా రీల్స్ చూసుకో.