సూచనలకు బొమ్మలు చాలవా, మాటలు కూడా కావాలా? (ఒక ఆన్‌లైన్ చర్చ)

గీతకారుడు: మందుల కవర్ల మీద, యంత్రాల మీద సూచనలు బొమ్మల్లోనే ఉండాలని నా వాదన. చదువు రానివాళ్లకీ, భాష తెలియనివాళ్లకీ అవే దిక్కు. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో ఆటలన్నిటికీ బొమ్మ గుర్తులు పెట్టారు, జపనీస్ రానివాళ్లకి అవే దారి చూపాయి. బొమ్మ పక్కన మాట దేనికి?

అక్షర: దేనికో చెప్తాను. మా అమ్మకి ఇచ్చిన మందు కవరు మీద మూడు బొమ్మలున్నాయి: సగం సూర్యుడు, నిండు సూర్యుడు, చంద్రుడు. సగం సూర్యుడంటే సాయంత్రం అనుకుంది. పొద్దున వేసుకోవాల్సిన మాత్ర పొద్దుగూకాక వేసుకుని, రెండు గంటలకే రాత్రి మాత్ర కూడా వేసుకుంది. కళ్లు తిరిగి పడిపోయింది. పక్కన ‘పొద్దున’ అని రాసి ఉంటే నేనైనా చూసి చెప్పేదాన్ని.

గీతకారుడు: ఎడమ చివర ఉన్నదే మొదటిది కదండీ. వరుస స్పష్టంగానే ఉంది.

అక్షర: ఎడమ నుంచి కుడికి చూడటం చదువుకున్నవాళ్ల అలవాటు. బొమ్మలు చదువు రానివాళ్ల కోసమని మీరే అన్నారు.

వాననీరు: సూర్యుడికి కిరణాలు గీశారా?

గీతకారుడు: పైకి ఒక బాణం పెడితే సరిపోయేది. అది ఆ బొమ్మలో లోపం. దానికి బొమ్మలన్నిటినీ తప్పుపడితే ఎలా?

పాత టెక్నీషియన్: రేడియేషన్‌కి మూడు రెక్కల గుర్తు 1946లో అమెరికాలోని బర్కిలీ ల్యాబులో పుట్టింది. తెలియనివాళ్లకి అది ఫ్యానులా కనిపిస్తుంది. అందుకే దానికి తోడుగా 2007లో అంతర్జాతీయ అణుశక్తి సంస్థ, ప్రమాణాలు నిర్ణయించే అంతర్జాతీయ సంస్థ ఐఎస్ఓ కలిసి పుర్రె, పారిపోతున్న మనిషి ఉన్న ఎర్ర గుర్తు తెచ్చాయి. అంతకుముందు 11 దేశాల్లో 1,650 మందికి చూపించి అడిగారు. ఈ కవరు బొమ్మని ఎంతమందికి చూపించారో!

గీతకారుడు: అక్షర గారూ, మీకు చదువొచ్చు కాబట్టి మాట రాస్తే చాలంటున్నారు. మా నాన్నగారికి చదువు రాదు. ఏ కాగితం వచ్చినా పట్టుకెళ్లి ఎవరో ఒకరి గుమ్మం ముందు నిలబడతారు. ఆ నిలబడటం ఎలా ఉంటుందో మీకు తెలియదు.

అక్షర: నాకు తెలియదు, ఒప్పుకుంటాను. నా కోపం బొమ్మ మీద కాదు. మర్నాడు ఆ మందులిచ్చినవాళ్లని అడగడానికి వెళ్తే, “బొమ్మ వేశాం కదమ్మా, చూసుకోవద్దా?” అన్నారు. అర్థం కాకపోతే తప్పు చూసినవాళ్లదేనట. వరుస స్పష్టంగానే ఉందని మీరూ ఆ మాటే అన్నారు.

గీతకారుడు: అలా అనకుండా ఉండాల్సింది, క్షమించండి. టైము లేదని ఒక్కరికీ చూపించకుండా నేను పంపేసిన బొమ్మలూ ఉన్నాయి. కానీ మాటలు రాయాలంటే ఎన్ని భాషల్లో రాస్తారు? అంత చిన్న కవరు మీద అక్షరాలు చీమతలల్లా అయిపోతాయి. ఆ విషయంలో నా మాట మారదు.

పాత టెక్నీషియన్: ముందు మీ నాన్నగారికి చూపించండి. ఆయన ఏమన్నారో ఇక్కడ రాయండి.

వాననీరు: కిరణాల సంగతి చెప్పలేదు.

అక్షర: అయిదున్నాయి. కింద ఒక అడ్డగీత. సూర్యుడు ఆ గీత కిందికి దిగిపోతున్నాడనుకుంది అమ్మ.