డంజన్స్ అండ్ డ్రాగన్స్: తర్వాత ఏ పుస్తకం కొనాలి?

డంజన్స్ అండ్ డ్రాగన్స్ అంటే తలా ఒక పాత్ర వేసి, పాచికలు విసురుతూ కథ నడిపే ఆట. ఆర్నెల్లుగా నలుగురు స్నేహితులకు నేనే డంజన్ మాస్టర్‌ని, అంటే కథ చెబుతూ ఆట నడిపేది నేనే. నా దగ్గర 2014 నాటి ప్లేయర్స్ హ్యాండ్‌బుక్ (ఆటగాళ్ల రూల్స్ పుస్తకం) ఒక్కటే ఉంది. రాక్షసుల వివరాలు ఉచితంగా దొరికే రూల్స్‌లోంచి తీసుకుని నెట్టుకొస్తున్నాను. ఇప్పుడు ఒక్క పుస్తకానికే డబ్బులున్నాయి. రాక్షసుల వివరాలుండే మాన్‌స్టర్ మాన్యువల్ కొనాలా, ఆట నడిపేవాళ్ల కోసం రాసిన డంజన్ మాస్టర్స్ గైడా? నా మనసు మొదటిదాని మీదే ఉంది, బొమ్మలు చూస్తేనే కథలు పుడతాయి. అయితే 2024లో హ్యాండ్‌బుక్ మార్చిన రూల్స్‌తో కొత్తగా వచ్చింది కదా. పాత రూల్స్‌తో ఆడుతూ కొత్త మాన్‌స్టర్ మాన్యువల్ వాడితే పోరాటాలు మరీ కష్టమవుతాయా? రెండూ కలిపి ఆడినవాళ్లు చెప్పండి.

ఇంకో తలనొప్పి పాచికలు. ఏడు పాచికల సెట్ ఒకటి మోజుపడి కొన్నాను. ముదురు నీలం మీద వంకాయ రంగు అంకెలు! ఇరవై ముఖాల పాచిక ఆగాక అందరం ఫోన్ లైటు వేసి, తలలు దగ్గరపెట్టి చూడాల్సి వస్తోంది. పన్నెండా, పదిహేడా అని ఓ యుద్ధం, అసలు యుద్ధం తర్వాత. ఆ అంకెల గాడుల్లో తెల్ల అక్రిలిక్ పెయింట్ నింపి, పైన తుడిచేస్తే నిలుస్తుందా?

కథలోని చోట్ల మ్యాప్ గీసుకునే గళ్ల మ్యాట్ మీద ఎర్ర మార్కర్ గీతలు కూడా వారమైనా పోవట్లేదు. తడిగుడ్డతో తుడిచే రకమే వాడాను. మ్యాట్ పాడవకుండా మరక పోగొట్టే మార్గం తెలిస్తే చెప్పండి. ఈ ఆదివారమే మళ్లీ ఆట, కొత్తగా గీసిన గుహ మధ్యలో పోయినసారి గీసిన సత్రం గోడలు కనిపిస్తున్నాయి.